గళ్ళ కాగితం నుంచి జెపెగ్ దాకా

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకు సైన్సు మీద ఏదైనా తేలిగ్గా ఉండేది రాసిమ్మన్నారు. తేలిగ్గా రాయడం మహా కష్టమైన పని అని రాసేవాళ్ళందరికీ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. విషయం కోసం ఎక్కువ వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. దరఖాస్తుల సీజను వచ్చిందంటే చాలు, రోజుకు నలుగురైదుగురు విద్యార్థులు ఫోను చేత్తో పట్టుకుని స్టాఫ్ రూముకు వస్తారు. "సార్, ఫొటో అప్‌లోడ్ అవడం లేదండి. జె.పి.జి. ఉండాలంటోంది. నాది పి.ఎన్.జి. అంట. పేరు చివర జె.పి.జి. అని మార్చేశాను. అయినా తీసుకోవట్లేదు." ఇదీ వరస. ఇంకొకడికి ఫైలు పెద్దదైంది. మరొకరికి చిన్నదైంది గాని మొహం గుర్తుపట్టేట్టు లేదు. ఉద్యోగానికి కావలసిన చదువంతా ఉండి, ఫొటో దగ్గర ఆగిపోతే ఎంత బాధ! కనుక ఈ బొమ్మల ఫైళ్ళ సంగతే రాస్తున్నాను. జె.పి.జి., పి.ఎన్.జి., జిఫ్ అనే ఈ పేర్ల వెనక ఉన్నదేమిటి, ఎవరు చేశారు, ఎందుకు ఒకటికి మూడు ఉన్నాయి, ఏది ఎప్పుడు వాడాలి అన్నది కాస్త చూద్దాం.

మాది పాయకరావుపేట. తాండవ నదికి ఆ ఒడ్డు తుని, ఈ ఒడ్డు మేము. రైలు దిగేది తునిలో, నడిచి వచ్చేది పేటకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు విశాఖపట్నం జిల్లా వాళ్ళం కాస్తా అనకాపల్లి జిల్లా వాళ్ళమయ్యాం. చేనేత ఉన్న ఊరు. ఈ ఊరి సంగతి ఎందుకెత్తానంటే, కంప్యూటరు బొమ్మ అంటే ఏమిటో చెప్పడానికి నేత ఇంట్లో ఉండే గళ్ళ కాగితాన్ని మించిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు.

చీర అంచుకో కొంగుకో బుటా వేయాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద గీస్తారు. నిలువు గడికి పడుగు పోగు, అడ్డం గడికి పేక పోగు. ఏ గడి నిండిందో అక్కడ రంగుపోగు పైకి కనిపించాలి, ఖాళీ గడి దగ్గర కనిపించకూడదు. హంస కావచ్చు, మామిడిపిందె కావచ్చు, కాగితం మీద అది వట్టి నిండిన గళ్ళు, ఖాళీ గళ్ళు. దూరం నుంచి చూస్తే హంస. దగ్గరికి వెళ్తే మెట్లు మెట్లుగా కనిపించే చతురస్రాలు. కంప్యూటరు తెర మీద బొమ్మ కూడా సరిగ్గా ఇంతే. ఒక్కొక్క గడికి పిక్సెల్ అని పేరు పెట్టారు. తేడా ఏమిటంటే నేతగాడి గడిలో ఐదారు రంగులకు మించి ఉండవు. కంప్యూటరు గడిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్ళు మూడు అంకెలుగా రాసి ఉంటాయి. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా. ఒక్కో అంకెకు ఒక బైటు. అంటే గడికి మూడు బైట్లు. ఈ మూడింటి కలయికలో కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు వస్తాయి.

ఇక లెక్క వేయండి. ఇవాళ మామూలు ఫోను తీసే ఫొటో అడ్డం 4000, నిలువు 3000 గళ్ళు ఉందనుకుందాం. మొత్తం కోటీ ఇరవై లక్షల గళ్ళు. గడికి మూడు బైట్ల చొప్పున మూడు కోట్ల అరవై లక్షల బైట్లు. ఒక్క ఫొటోకి! ఉన్నదున్నట్టు దాచితే ఫోను నిండడానికి ఒక్క పెళ్ళి చాలు. నిజానికి మీ ఫోనులో ఆ ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు మాత్రమే ఉంటుంది. పదో వంతుకు దిగిపోయింది. మిగిలినది ఏమైంది? బొమ్మల ఫైళ్ళ కథ అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

కుదించే దారులు రెండు. నష్టం లేకుండా కుదించేది ఒకటి, కొంత వదులుకుని కుదించేది రెండోది. మొదటిదానికి మళ్ళీ మగ్గం దగ్గరికే పోదాం. డిజైను చదివి చెప్పేవాడు "ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఎరుపు, ఎరుపు, పచ్చ, పచ్చ" అని చదవడు. "ఐదు ఎరుపు, రెండు పచ్చ" అంటాడు. మాట తగ్గింది, సమాచారం తగ్గలేదు. విన్నవాడు కాగితాన్ని గడి తప్పకుండా మళ్ళీ గీయగలడు. ఇదీ నష్టం లేని కుదింపు. ఇంకొంచెం తెలివైనవాడైతే, అంచు పొడుగునా ఒకే పువ్వు పదే పదే వస్తోందని గమనించి దానికి "మూడో నెంబరు పువ్వు" అని పేరు పెట్టి, ఆ తర్వాత వచ్చిన చోటల్లా "మూడు" అని ఊరుకుంటాడు.

సరిగ్గా ఈ రెండో ఉపాయాన్ని శాస్త్రంగా చేసినవారు అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ పండితులు. 1977, 1978లలో. దానికి మెరుగులు దిద్ది 1984లో ప్రకటించినవాడు టెర్రీ వెల్చ్ అనే అమెరికన్. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలూ కలిపి ఎల్.జెడ్.డబ్ల్యు. అన్నారు. ఇందులో నాకు మహా ముచ్చటేసే సంగతి ఒకటుంది. ఏ నెంబరుకు ఏ వరస అనే నిఘంటువును ఫైలుతోపాటు పంపనక్కరలేదు. విప్పేవాడు చదువుకుంటూ పోతూ, కుదించినవాడు ఎలా తయారు చేసుకున్నాడో అలాగే తానూ తయారు చేసుకుంటాడు. తాళంచెవి పంపకుండా పెట్టె పంపినట్టు.

ఈ ఉపాయం మీద కట్టినదే జిఫ్. 1987 జూన్‌లో కంప్యుసర్వ్ అనే అమెరికన్ కంపెనీ దీన్ని విడుదల చేసింది. చేసినవాడు స్టీవ్ విల్‌హైట్. అప్పటికి మనం అనుకునే వెబ్బు లేదు. టెలిఫోను తీగ మీద మోడెము పెట్టి కంప్యూటర్లు మాట్లాడుకునే రోజులు. 320 అడ్డం 200 నిలువు గళ్ళ చిన్న బొమ్మ, గడికి ఒక బైటు చొప్పున 64,000 బైట్లు. ఆనాటి మోడెము సెకనుకు 2400 బిట్లు మోసేదనుకుంటే, ఆ బొమ్మ రావడానికి మూడున్నర నిమిషాలు. పైగా ఫోను బిల్లు నిమిషాల మీద! అందుకని కుదింపు తప్పనిసరి. రంగుల్లోనూ పొదుపే. బొమ్మ మొత్తానికి 256 రంగులకు మించకూడదు. ఆ రంగుల పట్టిక ఫైలు మొదట్లో రాసుకుని, ఒక్కో గడిలో "పట్టికలో 17వ రంగు" అన్నట్టు నెంబరు వేస్తారు. దారం షాపులో 256 కండెలు కొనుక్కొచ్చి వాటితోనే చీరంతా నేసినట్టన్నమాట. గీతల బొమ్మలకు, ముద్రలకు, అక్షరాలకు అది చాలు. మనిషి ముఖానికి చాలదు. చెంప మీద వెలుగునీడలు చారలు చారలుగా తేలతాయి.

ఈ పేరు పలకడంలో ఇంగ్లీషు వాళ్ళకు నలభై ఏళ్ళుగా తగువుంది. గిఫ్ అనాలా, జిఫ్ అనాలా? కాగితం మీద వాళ్ళకు ఇబ్బంది లేదు. మూడక్షరాలు రాసేసి ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చదువుకుంటారు. తెలుగులో రాసేవాడికి ఆ వీలు లేదు. గ రాయాలి, లేకపోతే జ రాయాలి. మన లిపిలో దాక్కోవడానికి చోటుండదు. విల్‌హైట్ జిఫ్ అనే అన్నాడు, 2013లో తనకు బహుమతి ఇచ్చినప్పుడు కూడా అదే చెప్పాడు, కనుక కన్నతండ్రి మాటే ఖాయం చేశాను. ఆయన 2022 మార్చిలో పోయాడు.

1989లో జిఫ్‌కు రెండో రూపం వచ్చింది. బొమ్మలో కొన్ని గళ్ళను అద్దంలా పారదర్శకంగా ఉంచవచ్చు, ఒకే ఫైలులో వరసగా అనేక బొమ్మలు పెట్టి ఆడించవచ్చు. మీ ఫోన్లలో గంతులేసే బొమ్మలకు ఆది అక్కడే. వెబ్బు పుట్టిన కొత్తల్లో, 1992లో, స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో పాటలు పాడే నలుగురు అమ్మాయిల బృందం ఫొటోను టిమ్ బెర్నర్స్-లీ అడిగి మరీ వెబ్బు మీద పెట్టించాడు. వెబ్బు ఎక్కిన తొలి ఫొటోల్లో ఒకటైన అది కూడా జిఫ్ ఫైలే.

ఇంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా పేటెంటుతో వచ్చింది. వెల్చ్ ఉద్యోగం చేసిన స్పెర్రీ కంపెనీ ఎల్.జెడ్.డబ్ల్యు. మీద పేటెంటుకు 1983లోనే దరఖాస్తు పెట్టి 1985లో సంపాదించింది. స్పెర్రీ మరో కంపెనీతో కలిసి యునిసిస్ అయింది. కంప్యుసర్వ్ వాళ్ళు ఆ పేటెంటు సంగతి తెలియకుండానే జిఫ్ కట్టారు. లోకమంతా జిఫ్ వాడకానికి అలవాటు పడ్డాక, 1994 డిసెంబరు ఆఖరి వారంలో, జిఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేరు రాసేవారు ఇక రుసుము కట్టాలన్న ప్రకటన వెలువడింది. ఊరందరూ నడిచే దారి మధ్యలో ఒకరు పట్టా తీసి చూపించినట్టయింది. ప్రోగ్రామర్లు మండిపడ్డారు. మండిపడి ఊరుకోలేదు, అదీ విశేషం. 1995 జనవరి మొదటి వారంలోనే థామస్ బూటెల్ అనే ఆయన పేటెంటు బెడద లేని కొత్త రూపానికి ముసాయిదా ప్రకటించాడు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుని, వాదించుకుని, జీతం భత్యం లేకుండా దాన్ని పూర్తి చేశారు. 1996 అక్టోబరులో వెబ్బు ప్రమాణాల సంస్థ డబ్ల్యు.త్రీ.సి. ఆమోదించింది. అదే పి.ఎన్.జి. ఆ అక్షరాలకు "ఇది జిఫ్ కాదు" అనే చమత్కారపు విస్తరణ కూడా ఒకటి చెప్పుకున్నారు. కోపం తగ్గలేదన్నమాట. యునిసిస్ పేటెంటు అమెరికాలో 2003 జూన్‌తో కాలం తీరింది. ఇవాళ జిఫ్ కూడా ఎవరైనా వాడుకోవచ్చు. కాని అప్పటికి పి.ఎన్.జి. దాని పెద్దపీటను తీసేసుకుంది.

పి.ఎన్.జి. చేసే పని సొగసుగా ఉంటుంది. ప్రతి గడినీ కొత్తగా చెప్పకుండా, ఎడమ పక్క గడిని బట్టో పై గడిని బట్టో ఇది ఎంత ఉండవచ్చునో ముందే ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ ఉన్న తేడా మాత్రమే రాస్తుంది. ఆకాశం లాంటి చోట తేడాలన్నీ సున్నాలూ ఒకట్లే. ఆ సున్నాల వరసలను జిప్ ఫైళ్ళలో వాడే పద్ధతితోనే కుదిస్తుంది. ఒక్క గడి కూడా మారదు. రంగులకు 256 హద్దు లేదు. పారదర్శకత కూడా ఉందా లేదా అని కాక, పలచటి మల్లు గుడ్డలోంచి కనిపించినట్టు పాళ్ళు పాళ్ళుగా చూపగలదు. 2025లో దీని మూడో కూర్పు వచ్చింది. ఆడే బొమ్మలకు కూడా అందులో అధికారికంగా చోటిచ్చారు.

మరి ఫొటోల మాట? ఫొటోలో ఏ రెండు గళ్ళూ ఒకేలా ఉండవు. ఐదు ఎరుపులు అని చెప్పడానికి ఐదు ఎరుపులు ఉంటే గదా. అక్కడ రెండో దారి తొక్కాలి. ఇక్కడే మన వాళ్ళు వస్తారు. ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను, విద్యార్థులు విసుక్కోకూడదు.

నాసిర్ అహ్మద్ బెంగుళూరువాడు, 1940లో పుట్టాడు. అక్కడే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళి న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేటు పొందాడు. అదే విశ్వవిద్యాలయంలో అదే సంవత్సరం డాక్టరేటు తీసుకున్న మరొకరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరే చెబుతుంది ఏ భాషవాడో. మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1952లో బి.ఇ. అయినవాడు. తరువాత టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో జీవితమంతా పాఠాలు చెప్పి, 2021 జనవరిలో కన్నుమూశారు. శాస్త్రలోకంలో కె.ఆర్. రావు అంటారు.

కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ అహ్మద్ 1972లో ఒక ఆలోచన రాసి అమెరికా ప్రభుత్వ విజ్ఞాన నిధికి పంపాడు. చిత్రాన్ని కొసైను అలల మొత్తంగా విడగొడితే కుదింపు బాగా కుదురుతుందని. నిధి డబ్బివ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక పరిశీలకుడు అన్నాడట. వేసవి జీతం లేకపోయినా సరేనని అహ్మద్ ఆ పనే పట్టుకున్నాడు. తన విద్యార్థి టి. నటరాజన్, స్నేహితుడు రావు తోడయ్యారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఒక వ్యాసం అచ్చయింది. నాలుగంటే నాలుగు పేజీలు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డి.సి.టి. ఈ సావనీరులో ఇంతకంటె పెద్ద వ్యాసాలు చాలా ఉంటాయి.

అదేం చేస్తుందో చూద్దాం. బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్ళ ముక్కలుగా కోస్తారు. ముక్కకు 64 గళ్ళు, 64 అంకెలు. డి.సి.టి. వీటిని మరో 64 అంకెలుగా మారుస్తుంది. వాటిలో మొదటిది ఆ ముక్క మొత్తం మీద సగటు వెలుగు ఎంతో చెబుతుంది. తర్వాతవి ఆ ముక్కలో వెలుగు నెమ్మదిగా ఎంత మారుతోందో, ఇంకా తర్వాతవి త్వరత్వరగా ఎంత మారుతోందో చెబుతాయి. తంబురా శ్రుతి మొదట, గమకాలు తర్వాత అనుకోండి. ఇంతవరకు నష్టమేమీ లేదు. 64 ఇచ్చి 64 పుచ్చుకున్నాం. కాని ఫొటోల స్వభావం ఎలాంటిదంటే బరువంతా మొదటి కొద్ది అంకెల్లోనే పడుతుంది. చివరి అంకెలు నలుసంత ఉంటాయి. పైగా మన కన్ను ఆ త్వరత్వర మార్పులను అంతగా పట్టించుకోదు.

అందుకని తరువాతి మెట్టులో ఒక్కో అంకెను ఒక్కో సంఖ్యతో భాగించి, దశాంశం తీసేసి పూర్ణాంకం చేస్తారు. మొదటి అంకెలను చిన్న సంఖ్యతో, చివరివాటిని పెద్ద సంఖ్యతో. ఉదాహరణకు 37ను 10తో భాగిస్తే 3.7, దాన్ని 4 అంటారు. విప్పేటప్పుడు నాలుగు పదులు 40. 37 కాస్తా 40 అయింది, కన్ను కనిపెట్టదు. చివరెక్కడో ఉన్న 3ను 24తో భాగిస్తే సున్నా దరిదాపు. సున్నాయే రాస్తారు. విప్పేటప్పుడు సున్నాను 24తో గుణించినా సున్నాయే. ఆ 3 ఇక తిరిగి రాదు. ఫొటో దాచేటప్పుడు "నాణ్యత 90, 70, 50" అని అడిగేది ఈ భాజకాలు ఎంత పెద్దవి ఉండాలన్న సంగతే. చివరకు మిగిలే సున్నాల గుంపును ఐదెరుపుల పద్ధతిలో కట్టకడతారు. రంగు విషయంలోనూ ఒక పొదుపుంది. మన కన్ను వెలుగు తేడాలను చూసినంత చురుగ్గా రంగు తేడాలను చూడదు గనుక, రంగు అంకెలను సాధారణంగా తక్కువ గళ్ళకే రాస్తారు.

ఈ వంటకాన్ని ప్రమాణంగా రాసినవారు జాయింట్ ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్ అనే సంఘం. 1986లో కూడి, 1992లో ప్రమాణం ఆమోదింపజేశారు. ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలే జెపెగ్. పాత డాస్ కంప్యూటర్లలో ఫైలు పేరు చివర మూడక్షరాలకే చోటుండేది కాబట్టి అది జె.పి.జి. అయింది. రెండూ ఒకటే, వేరు కావు. ఇది కూడా పిల్లలు తరచు అడిగే ప్రశ్నే. వీడియోలలో కూడా ఈ కొసైను సంతతే ఉంది. గిండీలో చదివిన తెలుగు మాస్టారి పేరున్న నాలుగు పేజీల కాగితం మీ జేబులో రోజంతా పనిచేస్తోంది.

అయితే జెపెగ్ ఫొటో కోసం పుట్టింది. అక్షరం కోసం పుట్టలేదు. తెల్లకాగితం మీద నల్ల అక్షరం అంచు దగ్గర వెలుగు ఒక్కసారిగా మారుతుంది. అంటే అక్కడ ఆ చివరి అంకెలే ముఖ్యం. వాటినే జెపెగ్ పారేస్తుంది. దాంతో అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఈ దెబ్బకు కొంత తట్టుకుంటుంది. తెలుగుకు కష్టం. థ కడుపులో చుక్క పోతే అది ధ అయి కూర్చుంటుంది. ఫ కింద గీత చెరిగితే ప. ఢ, డ సంగతీ అంతే. వొత్తులు నుసి అవుతాయి. ఒక్కసారి దాచితే ఫరవాలేదు. తెరిచి, కాస్త కత్తిరించి మళ్ళీ దాచి, ఇంకొకరికి పంపితే వారి ఫోను మళ్ళీ కుదించి, ఇలా చేతులు మారిన కొద్దీ ప్రతిసారీ భాగహారం మళ్ళీ జరుగుతుంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టే.

దీనివల్ల ఏం పోతుందో ఒకటి చెబుతాను. పేటలో ఒక పెద్దాయన దగ్గర తండ్రి నాటి డిజైను కాగితాలు ఉండేవి. మూడేళ్ళ కిందట చుట్టాలబ్బాయి ఒకడు వాటిని ఫోనుతో ఫొటోలు తీసి, ఊళ్ళో ముగ్గురు నలుగురికి పంపి, ఫోను నిండిపోయిందని అసలు ఫొటోలు తీసేశాడు. ఆ తర్వాతి వానాకాలం అటక కారి కాగితాలు ముద్దయిపోయాయి. మిగిలినవి చేతులు మారిన ఫొటోలే. నాకు చూపించి, "మాస్టారూ, ఇందులో హంస ఉంది. హంసను నేనూ చూస్తున్నాను. కాని మెడ దగ్గర ఎన్ని పోగులో లెక్కపెట్టి చెప్పండి బాబూ" అన్నాడు. చెప్పలేకపోయాను. గళ్ళ గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిదగా ఉన్నాయి. చూడడానికి ఫొటో బాగానే ఉంది. నేయడానికి పనికిరాదు. కంటికి తేడా తెలియదన్న లెక్కతో వదిలేసిన అంకెలు అవి. మగ్గానికి మాత్రం తెలుస్తుంది. అదే కాగితాన్ని స్కానర్ మీద పెట్టి పి.ఎన్.జి.గా దాచి ఉంటే, ఎన్ని చేతులు మారినా, ఎవరూ మళ్ళీ కుదించనంతవరకు, గడి గడిగా ఉండేది. ఫోను సందేశాల్లో పంపవలసి వచ్చినా ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది.

పాత పుస్తకాలకు ఈ జాగ్రత్త తీసుకున్న ఉదాహరణ మనకు లేకపోలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, తానూ గిండీలోనే చదివి, 1994లో ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలన్న సంకల్పానికి మూలపురుషుల్లో ఒకరు. దానిలో భాగమే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆధ్వర్యాన నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేలాది తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. పేజీలను అంగుళానికి 600 చుక్కల చొప్పున, నలుపు తెలుపు మాత్రమే, టిఫ్ అనే రూపంలో దాచారు. టిఫ్ 1986లో ఆల్డస్ కంపెనీ చేసినది. అది ఒక సంచి లాంటిది, లోపల రకరకాల కుదింపులు పెట్టవచ్చు. వీళ్ళు పెట్టినది ఫాక్సు యంత్రాల నుంచి వచ్చిన నష్టం లేని కుదింపు. పేజీకి మూడు కోట్ల పైచిలుకు చుక్కలు. చుక్కకో బిట్టు చొప్పున నలభై లక్షల బైట్లు కావలసినది చాలా చిన్న ఫైలులో ఇమిడిపోయేది, అక్షరం చెదరకుండా. కాని మామూలు బ్రౌజరు టిఫ్‌ను చూపించలేదు. ప్రత్యేకంగా ఒక అదనపు ప్రోగ్రాము పెట్టుకోవాలి. ఒక్కో పేజీ తెరుచుకోవాలి. దాచడానికి మంచిదైనది చూపడానికి మంచిది కాకపోయింది. తరువాత ఆ పుస్తకాలు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి సుళువుగా అందుతున్నాయి.

కాబట్టి స్టాఫ్ రూముకు వచ్చేవారికి నేను చెప్పేది ఇది. ఫైలు పేరు చివర అక్షరాలు మారిస్తే లోపల ఉన్నది మారదు. ప్రతి ఫైలు మొదటి బైట్లలోనే దాని జాతి రాసి ఉంటుంది. జిఫ్ ఫైలును మామూలు నోట్‌పాడ్‌లో తెరిచి చూడండి, మొట్టమొదటే జిఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలు, 87 గాని 89 గాని కనిపిస్తాయి. పి.ఎన్.జి. ఫైలులో ఒక వింత గుర్తు తర్వాత దాని పేరే ఉంటుంది. ప్రయోగశాల అక్కర్లేని ప్రయోగం ఇది, ఇవాళే చేసి చూడండి. దరఖాస్తు పెట్టే చోటి కంప్యూటరు ఈ మొదటి బైట్లు చూసే కాదంటుంది. ఫైలును బొమ్మల ప్రోగ్రాములో తెరిచి, "ఇలా దాచు" అన్నచోట జెపెగ్ ఎంచుకుని దాచాలి.

రెండోది, చాలా దరఖాస్తుల్లో ఫొటో 20 నుంచి 50 కిలోబైట్ల మధ్య ఉండాలంటారు. మన వాళ్ళు 4000 గళ్ళ ఫొటోను అలాగే ఉంచి నాణ్యతను పదికి దించుతారు. ఎనిమిది గళ్ళ ముక్కలు పలకలు పలకలుగా తేలి మొహం మొజాయిక్ గచ్చులా అవుతుంది. నాణ్యత ముట్టుకోకండి. ముందు గళ్ళు తగ్గించండి. మొహం వరకు కత్తిరించి అడ్డం 200, నిలువు 230 గళ్ళకు దించితే కుదించకుండానే 1,38,000 బైట్లు. దాన్ని 40 కిలోబైట్లు చేయడానికి జెపెగ్‌కు పెద్ద శ్రమ లేదు, మీ కళ్ళూ ముక్కూ చక్కగా ఉంటాయి. సంతకానికీ ఇదే దారి.

ఇంకొక సంగతి, ముఖ్యంగా హాస్టళ్ళలో ఉండేవారికి. ఫోను తీసిన జెపెగ్ ఫైలులో బొమ్మతోపాటు తేదీ, వేళ, లొకేషన్ వేసి ఉంటే తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉండవచ్చు. తెలియనివారికి అసలు ఫైలు పంపేముందు అది తీసేయండి.

కొత్త రూపాల సంగతి రెండు ముక్కలు. గూగుల్ 2010లో వెబ్‌పి ప్రకటించింది. ఒకే రూపంలో నష్టం ఉన్నదీ లేనిదీ రెండూ కుదురుతాయి, ఫైలు చిన్నది. వెబ్బు నుంచి బొమ్మ దించుకుంటే ఇప్పుడు తరచు ఇదే వస్తుంది. యాపిల్ ఫోన్లు 2017 నుంచి హెచ్.ఇ.ఐ.సి. అనే రూపంలో ఫొటోలు దాచుతున్నాయి. దరఖాస్తు ఫారాలు సాధారణంగా దాన్ని తీసుకోవు, జెపెగ్‌గా మార్చుకోవలసిందే. 2019లో వచ్చిన ఏవిఫ్ వీటన్నిటికంటే గట్టిగా కుదిస్తుంది. దీని విషయంలో పేటెంటు రుసుములు ఉండవని ముందే చెప్పి మరీ కంపెనీలన్నీ జతకట్టాయి. జిఫ్ తగువు ఎవరూ మరిచిపోలేదు.

గళ్ళే లేని బొమ్మ కూడా ఒకటుంది. 2001లో ప్రమాణమైన ఎస్.వి.జి. ఇందులో రంగు గళ్ళకు బదులు "ఇక్కడి నుంచి ఇక్కడికి గీత, ఇంత వంపు, లోపల ఈ రంగు" అని మాటల్లో రాసి ఉంటుంది. ముగ్గు వేయడం నేర్పినట్టు. తపాలా బిళ్ళంత చేసినా గోడంత చేసినా అంచు మెట్లు తేలదు. మన సంఘం చిహ్నాన్ని ఏటేటా పాత సావనీరు అట్ట మీద నుంచి ఫొటో తీసి కొత్త అట్ట మీద వేస్తున్నారు. ఈసారి అట్ట చూడండి, దీపం చుట్టూ ఉన్న అక్షరాల్లో వొత్తులు ఏవో చెప్పడం కష్టం. దాన్ని ఎస్.వి.జి.లో మళ్ళీ గీయడానికి ఎవరైనా ముందుకు వస్తే, సాయంత్రాలు కంప్యూటరు లాబ్ తాళం నా దగ్గరే ఉంటుంది.